పదకొండు కాఫీలు, ఒక గ్లాసు పాలు

కొత్తపేటలో ఎవరింట్లో ఏ వాటా ఖాళీగా ఉందో పంచాయతీ ఆఫీసుకి తెలియకపోవచ్చు గాని, పాల అమ్మాజీకి తెలియకుండా ఉండదు. పొద్దున్నే సైకిలుకి పాలక్యాను తగిలించుకుని ముప్ఫై గుమ్మాలు తిరిగే మనిషి. ఏ గుమ్మం ముందు చెప్పుల జతలు తగ్గాయో, ఏ మేడ మీద బట్టలు ఆరడం మానేశాయో చూసుకుంటూనే పాలు కొలుస్తుంది. పైగా ఆ ఊళ్ళో అద్దెకి దిగేవాళ్ళెవరైనా ముందు పొయ్యి మీద పాలు పొంగించాలి కదా, ఆ పాలు అమ్మాజీవే. కొత్తగా దిగినవాళ్ళకి మొదటి లోటా ఊరికే పోస్తుంది. రెండో రోజు నుంచి వాళ్ళు ఆవిడ వాడుకదార్లు. ఇందులో పుణ్యమెంత, వ్యాపారమెంత అని అడిగితే, "రెండూ కలిసే పొంగుతాయండీ" అని నవ్వేసేది.

పాల వ్యాపారం ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. మొగుడు ఆదినారాయణ కొబ్బరి దింపు తీసే మనిషి. తొంభై రెండులో చెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే అమ్మాజీ మస్కట్ విమానం ఎక్కింది. ఎనిమిదేళ్ళలో రెండిళ్ళలో పనిచేసింది. మొదటింటావిడ పాస్‌పోర్టు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. తెల్లారి లేస్తే మళ్ళీ పడుకునేదాకా నడుం వాల్చనివ్వలేదు. రెండో ఇంటి ముసలావిడ, అమ్మాజీకి టైఫాయిడ్ వస్తే తొమ్మిది రోజులు పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. రెండువేల ఒకటిలో పెద్ద సూట్‌కేసూ, రెండు రగ్గులూ, ఏ పని పూర్తయినా "ఖలాస్" అనే అలవాటూ పట్టుకుని తిరిగొచ్చి రెండు గేదెల్ని కొనుక్కుంది.

వచ్చిన కొత్తలో ఊరు ఆవిణ్ణి కాస్త ఎడంగానే చూసింది. సాయిబుల ఇంట్లో తిని, వాళ్ళ గిన్నెలు తోమి వచ్చిన చేతి పాలు పూజకి పనికొస్తాయా అని కొందరు చెవులు కొరుక్కున్నారు. శివాలయం అర్చకుడుగారు మాత్రం, "పాలిచ్చేది గేదె కదా, అది మస్కట్ వెళ్ళలేదుగా" అని సోమవారం అభిషేకానికి అమ్మాజీ పాలే పోయించుకున్నారు. దానితో ఊరి నోరు మూతపడింది. ఆ సోమవారపు చెంబెడు పాలే ఊళ్ళో తన పరువని అమ్మాజీకి బాగా తెలుసు. ఎంత జ్వరంగా ఉన్నా సోమవారం నాడు మాత్రం ఆవిడే స్వయంగా వెళ్ళేది.

ఇక పశువుల డాక్టరు సంగతి. మూడేళ్ళపాటు కొత్తపేట పశువుల ఆసుపత్రికి ఒక తాళంకప్ప తప్ప దిక్కు లేదు. రెండువేల అయిదు జనవరిలో బాపట్ల వైపు నుంచి షేక్ జిలానీ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. ఫిబ్రవరిలో అమ్మాజీ గేదె గౌరి ఈనడానికి అవస్థ పడుతోంది, దూడ అడ్డం తిరిగింది. జిలానీ చొక్కా విప్పి, భుజం దాకా చెయ్యి పెట్టి, రెండు గంటలు పెనుగులాడి తల్లినీ దూడనీ దక్కించాడు. అమ్మాజీ కళ్ళనీళ్ళు తుడుచుకుని, బెల్లం వేసిన వేడి పాలు పెద్ద గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. ఆయన నిలబడే తాగాడు. తాగుతూ వీధివైపు తాళం వేసి ఉన్న గది చూశాడు.

"ఈ గది ఎవరికైనా ఇస్తారాండీ? మా ఆవిడనీ పాపనీ తీసుకొద్దామనుకుంటున్నాను."

"అయ్యో, అది కారుతుందండీ డాక్టరుగారూ. మీలాంటోళ్ళు ఉండే గదేనా అది? ఊళ్ళో మంచి మంచి వాటాలున్నాయి. నేను చూపిస్తాను కదండీ."

"అలాగేనండి" అని ఆయన గ్లాసు ఇచ్చేశాడు. ఇంతలో దూడ లేచి నిలబడింది. ఇద్దరూ దాన్ని చూస్తూ ఆ మాట మరిచిపోయారు. అమ్మాజీ అయితే నిజంగానే మరిచిపోయింది.

జిలానీ ఆసుపత్రి వెనక మందుల గదిలో మడతమంచం వేసుకుని ఉండేవాడు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఇల్లు దొరక్కపోతే తమ వైపే బదిలీ పెట్టుకుంటానని చెప్పాడు. అమ్మాజీ గుండెల్లో రాయి పడింది. గౌరి మళ్ళీ ఈనే వేళకి ఈయన లేకపోతే ఎవరిని పిలవాలి? మూడేళ్ళు తాళంకప్పకి దణ్ణం పెట్టిన మనిషి ఆవిడ. అందుకని రోజూ సాయంత్రం డాక్టరుగారిని వెంటబెట్టుకుని ఖాళీ వాటాలు చూపించడం మొదలుపెట్టింది.

కోనసీమ మర్యాద గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ మొహం మీద కాదనరు. మొదట వెళ్ళింది సుందరరావుగారి మేడకి. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పైవాటా ఖాళీ. "రండి రండి డాక్టరుగారూ" అని కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, భార్య ఉమామహేశ్వరిగారి చేత కాఫీ ఇప్పించారు. తరవాత, మేనల్లుడు కాకినాడ నుంచి వచ్చి దిగుతానన్నాడని బాధపడిపోయారు. ఆ మేనల్లుడు దిగబోతున్నాడని అమ్మాజీ మూడేళ్ళుగా వింటోంది. రెండోది హెడ్మాస్టరుగా చేసిన బాపిరాజుగారిల్లు. "నాకైతే ఏ పట్టింపూ లేదండీ. మా అత్తగారు పెద్దావిడ, ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకని" అన్నారు కాఫీ గ్లాసు చేతికిచ్చి. అత్తగారు ఉండేది రావులపాలెంలో కొడుకు దగ్గర. సంవత్సరానికి ఒకసారి వస్తే గొప్ప.

మంగాయమ్మగారు, "కొత్తగా దిగితే పాలు పొంగించడం మా ఆచారమండీ, మీకు ఇబ్బంది కదా" అన్నారు. "మేమూ పొంగిస్తామండి, మా వైపు అందరికీ అలవాటే" అన్నాడు జిలానీ. ఆవిడ, "అయితే వాస్తు ఒకసారి చూపించాలండీ, కాఫీ తాగండి చల్లారిపోతోంది" అన్నారు. ఇంకోచోట, తమ ఇంట్లో నీచు వండరని చెప్పారు. ఆ చెప్పేటప్పుడు పెరట్లో వాళ్ళ కోడలు బుట్టెడు రొయ్యలు ఒలుస్తోంది. అలా పదకొండిళ్ళు. పదకొండు చోట్లా కాఫీ చిక్కగానే ఉంది. పాలు తనవే కదా, ఎంత చిక్కగా ఉంటాయో అమ్మాజీకి తెలియదా. తన పాలే తన డాక్టరుని వెళ్ళగొడుతున్నాయని ఒళ్ళు మండిపోయేది.

సరిగ్గా ఆ వేసవిలోనే కొత్త మాట ఒకటి ఊళ్ళోకి దిగింది. దానికి ఇల్లు వెంటనే దొరికింది. ఊరి పఠనమందిరంలో ఆదివారం పూట పెద్దలు చేరి ఏదో ఒక విషయం మీద వాదించుకునేవారు. ఒకవైపు బాపిరాజుగారు, రెండోవైపు సుందరరావుగారు. బాపిరాజుగారు అవునంటే సుందరరావుగారికి అది కాదు. పేపర్లో ఎక్కడో విదేశాల్లో జరిగిన సభ గురించి రాస్తూ 'ఇస్లామోఫోబియా', అంటే ఇస్లాం మీద భయం, అని వేశారు. ఇద్దరూ దాన్ని చెరో వైపూ పట్టుకున్నారు.

"ఒక మతంలో పుట్టేడన్న ఒక్క కారణానికి మనిషిని దూరం పెట్టడం లోకంలో ఉందా లేదా? ఉన్నదానికి పేరుండాలి కదండీ. జబ్బుకి పేరు పెట్టకుండా మందు ఎలా ఇస్తారు?" అని బాపిరాజుగారు.

"జబ్బన్నది ఎవరండీ? ఒక నమ్మకం నాకు నచ్చలేదంటాను. ఒక ఆచారం తప్పంటాను. అది నా హక్కు. ఈ మాట పట్టుకొచ్చి నా మీద వేసి, నేను రోగినంటే, ఇక నోరెత్తడానికి లేదు. మనుషుల్ని ద్వేషించడం వేరు, మతాన్ని ప్రశ్నించడం వేరు. రెంటినీ ఒకే సంచిలో కట్టే మాట ఇది" అని సుందరరావుగారు.

"కట్టేది మాట కాదండీ. మతాన్ని ప్రశ్నిస్తున్నానని చెప్పి మనుషుల్ని గెంటేవాళ్ళే కడుతున్నారు."

"అయితే వాళ్ళని అనండి. అందరి మీదా చల్లకండి."

నిజం చెప్పాలంటే ఇద్దరూ బాగానే వాదించారు. వాళ్ళిద్దరి ఇళ్ళలోనూ వాటాలు ఖాళీగా ఉన్నాయన్న సంగతి మాత్రం వాదనలో ఎక్కడా రాలేదు. ఆ పూట తేలక, వచ్చే ఆదివారం సభ పెట్టి తేల్చుకుందామన్నారు. అధ్యక్షుడు ఎవరన్న దగ్గర మళ్ళీ పేచీ. పఠనమందిరానికి టీ పాలు తెచ్చిన అమ్మాజీ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ లోపల ఎప్పుడూ ఒక తుంటరి కూర్చుని ఉంటుంది. అది లేచింది.

"మేష్టారండీ, పశువుల డాక్టరుగారిని కూర్చోబెడితే బాగుంటుందేమోనండీ. ఆయనకి తెలీకుండా ఉండదు కదండీ" అంది, ఏమీ ఎరగనట్టు.

ఇద్దరు పెద్దలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాదంటే బాగుండదు. కోనసీమలో బాగుండని పని ఎవరూ చెయ్యరు. "ఆయ్, అంతకంటేనా" అన్నారు ఇద్దరూ. జీవితంలో మొదటిసారి ఇద్దరిదీ ఒకే మాట అయింది.

ఆదివారం పఠనమందిరం నిండిపోయింది. జిలానీకి దండ వేశారు, శాలువా కప్పారు. మే నెల ఎండలో ఆ శాలువా కింద పాపం చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. వాదన మొదలైంది. సుందరరావుగారికి ఒక సాక్షి కావలసి వచ్చింది.

"మన అమ్మాజీ మస్కట్‌లో ఉండొచ్చింది. ఏమ్మా, నీ పాస్‌పోర్టు లాక్కున్నారా లేదా?"

"లాక్కున్నారండీ."

"జ్వరమొస్తే పక్కన కూర్చుని చూసుకున్నారా లేదా?" అని బాపిరాజుగారు అందుకున్నారు.

"చూసుకున్నారండీ."

"ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నారు సుందరరావుగారు విసుగ్గా.

"రెండూ నిజమేనండీ. లాక్కున్నావిడ వేరు, చూసుకున్నావిడ వేరు. మొదటావిణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటానండీ. రెండో ఆవిడ కోసం ఇప్పటికీ దీపం పెడతాను. ఇందులో నేను మతం కోసం వెతకలేదండీ, ఖాళీ లేక."

జనం నవ్వారు. అమ్మాజీకి హుషారొచ్చింది. అసలు తమాషా ఇంకా ముందుందని ఆవిడకి తెలుసు. అధ్యక్షుడు లేచి ఇళ్ళ కథ విప్పితే ఆ ఇద్దరి మొహాలూ ఎలా ఉంటాయో చూద్దామని గోడవారగా సర్దుకుని కూర్చుంది. జిలానీ లేచాడు.

"రెండు పక్షాలూ బాగా చెప్పారండి. మాస్టారు అన్నట్టు, ఉన్నదానికి పేరుండాలి. పేరు లేకపోతే దెబ్బ తగిలినవాడు ఏమని చెప్పుకుంటాడు? సుందరరావుగారన్నట్టు, ప్రశ్న అడిగిన ప్రతివాడి మీదా ఆ పేరు వెయ్యకూడదు. మా నాన్నతో నేను మతం మీద వాదించని రోజు లేదు. ఆ లెక్కన ముందు నా మీదే వెయ్యాలి." సభ మళ్ళీ నవ్వింది. "కాని మన ఊరికి ఆ మాట సరిపోతుందో లేదో నాకు తేలడం లేదండి. ఫోబియా అంటే భయం అన్నారు. నన్ను చూసి ఇక్కడ ఎవరూ భయపడలేదు. పోనీ ద్వేషం అందామంటే, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. ఇంటి కోసం ఏ గుమ్మం ఎక్కినా కూర్చోబెట్టారు, ఫ్యాను వేశారు. నాకు ఇల్లు దొరకలేదు గాని, పదకొండు కాఫీలూ ఒక గ్లాసు పాలూ దొరికాయి. దీనికి ఏ పేరు పెట్టాలో పెద్దలే తేల్చాలి."

సభలో ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. అమ్మాజీ మాత్రం ఆయనతో పాటు కాఫీలు లెక్కపెడుతూ లోలోపల చంకలు గుద్దుకుంటోంది. పదకొండు, సరిపోయింది. ఆ పాల గ్లాసు ఎవరిదా అని వెతుక్కుంది. ఎవరింట్లో పాలిచ్చారు? తను పక్కన లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్ళలేదే.

అప్పుడు గుర్తొచ్చింది. బెల్లం వేసిన పాలు. అది కారుతుందండీ డాక్టరుగారూ.

ఆవిడ మొహంలోంచి నవ్వు దిగిపోయింది. తలెత్తి చూస్తే జిలానీ ఎటో చూస్తున్నాడు. దెప్పినట్టు లేదు. పన్నెండిట్లో ఒకటిగా ఆవిణ్ణీ చెప్పాడు, అంతే. అదే ఎక్కువ గుచ్చుకుంది. బాపిరాజుగారు గొంతు సవరించుకుని, అధ్యక్షులవారు చక్కగా సెలవిచ్చారని వందన సమర్పణ చేశారు. సుందరరావుగారు పక్కవాళ్ళతో, "పదకొండా? మనది ఒక్కటే అనుకున్నానండీ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇల్లు మాత్రం ఎవరూ ఇస్తాననలేదు.

అమ్మాజీ ఇంటికొచ్చి సైకిలు గోడకి ఆనించి, తాళం తీసి వీధిగదిలోకి వెళ్ళింది. మస్కట్ సూట్‌కేసు, పాత దింపు తాళ్ళు, తవుడు బస్తాలు. పైకి చూసింది. పెంకులన్నీ వరసగా ఉన్నాయి.

"ఏవండీ, ఇది కారుతుందా?" అని అరుగు మీదున్న ఆదినారాయణని అడిగింది.

"ఎందుకు కారుద్దీ? నాలుగేళ్ళ కితం దగ్గరుండి నేయించేను కదా."

ఆవిడ ఆ మాట నమ్మదలుచుకోలేదు. కారితే ఎంత బాగుండును. మొగుణ్ణి గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, నిచ్చెన ఎక్కి బిందెడు నీళ్ళు కప్పు మీద కుమ్మరించింది. "పడిందా?" అని అరిచింది. "లేదే" అన్నాడాయన. రెండో బిందె. మూడో బిందె. "పిచ్చి గాని పట్టిందా ఏటే నీకు? ఒక్క చుక్క పడ్డం లేదు" అన్నాడు లోపల్నుంచి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. అమ్మాజీ నిచ్చెన మీదే ఖాళీ బిందె పట్టుకుని కూర్చుండిపోయింది.

కారేది గది కాదని ఆవిడకి అప్పుడు బాగా తెలిసింది. ఆ రోజు డాక్టరుగారు అడగ్గానే కళ్ళ ముందు మెదిలింది సోమవారపు చెంబు. గేదెల పాకకి ఆనుకుని సాయిబుల కాపురం ఉందంటే, అభిషేకానికి నా పాలు పడతారా? నాలుగేళ్ళు కష్టపడి మూయించిన నోళ్ళు మళ్ళీ తెరుచుకోవా? ఇంత ఆలోచన ఒక్క క్షణంలో చేసి, ఆవిడ మర్యాదగా ఒక గ్లాసు పాలిచ్చింది. తొమ్మిది రోజులు నా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన ముసలావిడ ఆ గుమ్మంలోకొచ్చి అడిగినా, కారుతుందనే చెప్పేదాన్నా అని తనని తను ప్రశ్నించుకుంది. సిగ్గేసింది. భయమూ పోలేదు. రెండూ అలాగే ఉండగా నిచ్చెన దిగి ఆసుపత్రికి నడిచింది.

జిలానీ శాలువా మడతపెడుతున్నాడు.

"డాక్టరుగారండీ, గది కారడం లేదండీ. మూడు బిందెలు పోసి చూసేను."

ఆయన కాసేపు ఆవిడ తడిసిన చీరకేసి చూశాడు. "మీకు ఇబ్బందవుతుందేమోనండి. సోమవారం అభిషేకం..."

"అవుతుందండీ. అయినా రండి."

జూన్ మొదటివారం దిగారు. జిలానీ భార్య షంషాద్ నెమ్మదైన మనిషి, పాప ఒక్క పూటలోనే దూడకి నేస్తమైపోయింది. అమ్మాజీ లోటా నిండా పాలు పోసింది. పొయ్యి మీద పాలు తూర్పువైపుకి పొంగాయి. షంషాద్ బిస్మిల్లా అనుకుంది, అమ్మాజీ శివశివా అనుకుంది. "ఖలాస్" అని ఇద్దరూ ఒకేసారి అని నవ్వుకున్నారు.

మూడోరోజు పొద్దున్న సుందరరావుగారి ఇంట్లో ఉమామహేశ్వరిగారు ఎదురొచ్చారు. "లోపలికి రావమ్మా అమ్మాజీ, అలా కూర్చో" అన్నారు. నాలుగేళ్ళుగా ఆ గుమ్మంలో, ఇవాళ నీళ్ళెక్కువయ్యాయన్న మాట తప్ప ఆవిడ వినలేదు. ఉమామహేశ్వరిగారు ఫ్యాను వేశారు. ఫ్యాను తిరగ్గానే అమ్మాజీకి అర్థమైపోయింది. కాఫీ వచ్చింది.

"మా వారికి సుగరని చెప్పేరమ్మా డాక్టర్లు. పాలు తగ్గించమన్నారు. రేపట్నుంచి పాకెట్టు పాలు చాలనుకుంటున్నాం. నువ్వేమీ అనుకోకు."

"ఆయ్, అలాగేనండీ" అంది అమ్మాజీ. తొందరేమీ లేనట్టు గుక్క గుక్కా తాగి గ్లాసు దించింది. "కాఫీ బాగుందండీ. పాలు మంచివి."

ఆ వారంలోనే మంగాయమ్మగారి కాఫీ కూడా తాగింది. ఇంటికొచ్చి, "డాక్టరుగారండీ, నాకూ మొదలయ్యేయి. ఇవాళ్టికి రెండు" అని జిలానీకి చెప్పింది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ నవ్వాక అప్పుడు నవ్వాడు.

సోమవారం వచ్చింది. అమ్మాజీ తెల్లారగట్లే లేచి, గౌరి పాలు పితికి, వడగట్టి, మళ్ళీ వడగట్టింది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళి క్యాను మళ్ళీ తోమింది. అర్చకుడుగారిల్లు గుడి పక్కనే. దారి పొడుగునా ఆయన ఇంటి ఫ్యానే ఆవిడ చెవుల్లో తిరిగింది. "కూర్చో అమ్మాజీ" అంటే ఏం చెయ్యాలి? ఆ కాఫీ మాత్రం గొంతు దిగదని అనుకుంది. అర్చకుడుగారు బయటికొచ్చారు.

ఆవిడ తిరిగొచ్చేసరికి జిలానీ, షంషాద్ ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆదినారాయణ అరుగు మీద లేచి కూర్చున్నాడు.

"ఏమన్నారండి?" అని అడిగాడు జిలానీ.

అమ్మాజీ ఖాళీ క్యాను కిందపెట్టి, కొంగుతో మొహమంతా తుడుచుకుంది. కళ్ళు కూడా తుడుచుకుంది.

"తిట్టేరండీ. శివుడు పొద్దున్నుంచీ కాసుక్కూచున్నాడు, ఇంతాలస్యమా అని చెంబు ముందుకి చాపేరు. కూర్చోమన్లేదు. కాఫీ ఇవ్వలేదు."